కొట్టేసిన రెండు వాక్యాలు

మా వీధి గుమస్తా తాత పోయారని ఫోన్ చేసి చెప్పింది ఆయన పక్కింటామె. "పొద్దున్న టీ తాగి అరుగు మీద కూకున్నాడు. అలగే వాలిపోనాడు," అంది. ఆ సమయానికి నేను పాతపట్నంలో మా జిరాక్స్ షాపులో ఒకాయన రేషన్ కార్డు కాపీలు తీస్తున్నాను. నాకు ఏడుపు రాలేదు. "ఎన్నింటికి? ఎవురు సూసినారు? టీ తాగిన ఎంతసేపటికి?" అని అడిగాను. "నువ్వేటి పోలీసోలలాగ అడుగుతన్నావు?" అందామె.

ఎవరేం చెప్పినా ఎవరు, ఎప్పుడు, ఎవరు చూశారు అని అడగకుండా నమ్మొద్దని నాకు నేర్పింది ఆయనే. ఆఖరికి ఆయన చావు కబురును కూడా నేను అనుమానంగానే విన్నాను.

ఈ నాలుగు పేజీలు రాయడానికి కూర్చున్నప్పుడు "మహానుభావుడు", "తీరని లోటు" లాంటి మాటలు వాటంతట అవే వచ్చాయి. ఆయన ఉంటే వాటి కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి, "ఏటి దాస్తన్నావు పాపా?" అని అడిగేవారు. కాబట్టి ఆ మాటలు తీసేశాను. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఆయన నాకు మేలు చేశారు. అంతకు చాలా ఏళ్ల ముందు మా ఇంటికి కీడు చేశారు. రెండూ రాతతోనే చేశారు.

మా నాన్న కాలువ మీద లస్కరు. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్టు వెంట తిరిగి చూసుకోవడం ఆయన పని. నేను ఏడో తరగతి చదువుతుండగా, నాట్లు పూర్తయిన నెలలో, ఒక మధ్యాహ్నం కాలువ గట్టు తెగింది. దిగువ మూడూళ్ల పొలాల్లో నాట్లు కొట్టుకుపోయి ఇసక మేట వేసింది. ఆ ఇసక ఎత్తిపోసుకోవడానికి వాళ్లకి రెండేళ్లు పట్టింది. ఆఫీసు వాళ్లు విచారణ జరిపి నివేదిక రాశారు. నాన్నని పనిలోంచి తీసేస్తూ ఇచ్చిన కాగితంలో ఆ నివేదికలోని ఒక వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించారు: "గట్టుకు బుంగ పడినప్పటికీ తలుపులు సకాలంలో దించబడలేదు."

బుంగ అంటే నీరు గట్టును లోపల్నించి తొలిచి చేసే కన్నం. బుంగ పడితే పై తలుపులు దించి, నీరు ఆపి, కన్నం పూడ్చాలి. తలుపులు దించేది ఎవరు? లస్కరు. దించలేదంటే తప్పెవరిది? ఆ వాక్యంలో మా నాన్న పేరు లేదు. అయినా మూడూళ్ల జనం దాన్ని ఆయన పేరు పెట్టే చదువుకున్నారు. తాగి పడుకున్నాడని కొందరన్నారు. బంధువుల పెళ్లికి పోయాడని కొందరన్నారు. మా అమ్మ కలుపు కూలికి దిగువ ఊళ్లకి వెళితే, "లస్కరోడి పెళ్లాం ఒచ్చింది, మీ గట్లు మీరు సూసుకోండి," అనేవారు. ఆ తర్వాత నాన్న పదమూడేళ్లు బతికారు. ఎవరితోనూ వాదించలేదు. నాతో మాత్రం అప్పుడప్పుడు ఒకే మాట అనేవారు. "నాను సెప్పినాను అమ్మా. ఎవుడూ రాయనేదు."

ఆయన పోయాక మూడేళ్లకి నేనూ మా ఆయనా జిరాక్స్ షాపు పెట్టుకున్నాం. కాపీలు తీయడంతో పాటు, సోమవారం కలెక్టరాఫీసుకి వెళ్లేవాళ్లకి అర్జీలు టైపు చేసి ఇచ్చేదాన్ని. చేతిలో కంప్యూటరు ఉంది కదా అని నాన్న తరఫున నేనే ఒక అర్జీ రాశాను. మూడు పేజీలు. "తమ దివ్యసముఖమునకు సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలుపెట్టి, నాకు తెలిసిన పెద్ద మాటలన్నీ అందులో పోశాను. రాసి చదువుకుంటే నాకే కళ్లు చెమర్చాయి. రెండు నెలలకి జవాబు వచ్చింది. "మీ అర్జీ పరిశీలించబడినది. తదుపరి చర్య అవసరము లేదని భావించబడినది."

దాన్నే కొంచెం మార్చి మళ్లీ పంపుదామని షాపు బల్ల మీద పెట్టుకున్న రోజున గుమస్తా తాత వచ్చారు. పింఛను తీసుకునేవాళ్లు తాము బతికే ఉన్నామని ఏటా ఒక కాగితం ఇవ్వాలి. దాని కాపీ కోసం వచ్చారు. మిషను తిరుగుతుండగా బల్ల మీది అర్జీని తలకిందులుగానే మొత్తం చదివేశారు.

"ఇది ఎవురు రాసినారు?"

"నానే తాతా."

"మూడు పేజీల్లో మీ నాయిన ఎక్కడున్నాడు?"

"అంతా ఆయన గురించే కదా," అన్నాను. నాకు కోపం వచ్చింది.

"ఆయన గురించి ఉన్నాది. ఆయన నేడు. ఏటి సేసినాడు, ఎక్కడికెల్లినాడు, ఎవుడితో సెప్పినాడు, ఒక్కటీ నేదు. ఇది సదివినోడికి నువ్వు బాదపడతన్నావని తెలుస్తాది, అంతే." కాపీ మడిచి జేబులో పెట్టుకుని, మెట్టు దిగబోతూ ఆగారు. "రాయడం ఎలగో సెప్పే పుస్తకం ఒకటి నాకాడ ఉన్నాది. కావాలంటే పొద్దుట రా."

ఆయన కాలువల ఆఫీసులోనే పెద్ద గుమస్తాగా చేసి రిటైరయ్యారు. తనది బిల్లుల సీటని, విచారణల సంగతి తనకి తెలియదని అందరికీ చెప్పేవారు. ఇరవై ఏళ్లుగా ఒకే వీధిలో ఉంటూ మా గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. నాన్న శవం లేచిన రోజున కూడా వీధి అవతలి వైపునే నిలబడ్డారు. అలాంటి మనిషి పిలిచి పాఠం చెబుతాననడం మా అమ్మకి నచ్చలేదు. "ఆఫీసోడు ఊరికినే ఏదీ ఇవ్వడు. నీ అర్జీ ఎంతదాకా ఎల్లిందో కనుక్కోడానికి పిలస్తన్నాడు," అంది.

నాకూ అదే అనిపించింది. అందుకే వెళ్లాను. ఆయన నన్ను కనిపెట్టి చూస్తుంటే, నేనూ ఆయన్ని కనిపెట్టి చూడొచ్చుననుకున్నాను. చదువు మీద భక్తితో వెళ్లానని రాస్తే బాగుంటుంది గానీ అది అబద్ధం.

ఆ పుస్తకానికి అట్ట లేదు. మొదటి పదహారు పేజీలూ లేవు. ఎవరు రాశారో, ఎక్కడ అచ్చయిందో తెలిసే దారి లేదు. ఎప్పుడో ఆఫీసు వాళ్లకి పెట్టిన ట్రైనింగులో ఇచ్చారని చెప్పారు. పాత క్యాలెండరు కాగితం తొడిగి దారంతో కుట్టుకున్నారు. ఇంటికి పట్టుకెళ్తానంటే ఇవ్వలేదు. పాఠం అవగానే లోపలికి తీసుకెళ్లి ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసేవారు. రాయడం నేర్పే పుస్తకానికి తాళమెందుకు? పైగా మధ్యలో ఒక పాఠం పేజీలన్నీ కలిపి గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. అదేమిటని అడిగితే, "అది ఆఖర్న," అన్నారు. ఈ రెండూ నేను అమ్మకి చెప్పాను. "నాను సెప్పనేదేటి?" అంది అమ్మ.

షాపు తెరవకముందు, రోజూ ఏడింటికి, ఆయన అరుగు మీద కూర్చునేవాళ్లం. పుస్తకం చెప్పే సంగతులు చిన్నవి. ఒక వాక్యానికి ఒక పని చాలు. ముఖ్యమైనది మొదట చెప్పు. రాసింది పైకి చదువు, ఊపిరి అందని చోట ఆపు. నిన్నెప్పుడూ చూడని మనిషి చదువుతాడనుకుని రాయి. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు. చేయడానికి నాకు ఒక చలికాలం, ఒక ఎండాకాలం పట్టాయి.

ఆయన దగ్గర ఒక పోస్టుకార్డు ఉండేది. దాని మధ్యలో బ్లేడుతో ఒక వాక్యం పట్టేంత సందు కోసుకున్నారు. నేను రాసిన కాగితం మీద ఆ కార్డు పెట్టి, ఒక్కొక్క వాక్యమే కనబడేలా కిందికి జరుపుతూ చదివేవారు. పక్క వాక్యాల సాయం లేకుండా ఒంటరిగా చూస్తే నా వాక్యాలు చాలామటుకు దొంగల్లా నిలబడేవి. "ఇది ఏటి సెప్తన్నాది?" అని అడిగేవారు. నేను నోటితో చెప్పేదాన్ని. "మరదే రాయి," అనేవారు. ‘మొదలగునవి’ అని రాస్తే, "అంటే నీకు రెండే తెలుసు," అని కొట్టేసేవారు. ఒకసారి నేను ఎంతో ముచ్చటపడి రాసుకున్న వాక్యం మీద కార్డు ఆపి, "నున్నగా ఉన్నాది. నున్నటికాడే కాలు జారతాది," అన్నారు. అదీ పోయింది.

ఒకరోజు పాతపట్నం బస్టాండు నుంచి మా ఇంటికి దారి రాయమన్నారు. పది వాక్యాల్లో రాశాను. ఆ కాగితం తీసి జేబులో పెట్టుకున్నారు. మర్నాడు పర్లాకిమిడి నుంచి చాపలు అమ్మడానికి వచ్చిన ఒకామెకి బస్టాండులో ఆ కాగితం ఇప్పించి, ఆ ఇంట్లో చాపలు కావాలన్నారని చెప్పించారు. ఆమెకి తెలుగు చదవడం వచ్చు, మా ఊరు మాత్రం తెలియదు. రెండు గంటల తర్వాత నెత్తిన చాపల కట్టతో, చెమటలు కక్కుతూ మా వీధి అడిగి తెలుసుకుని ఆయన అరుగు ముందు ప్రత్యక్షమైంది. "‘కొంత దూరం పోయి’ అని రాసినారు. ఎంత కొంత? నాను రైసుమిల్లు దాటి ఎల్లిపోయినాను," అని నన్ను కడిగేసింది. తాత ఆమెకి మజ్జిగ ఇప్పించి రెండు చాపలు కొన్నారు. నేను ఆ రోజు నుంచి ‘కొంత’ అనే మాట వాడలేదు.

నేను నేర్చుకుంటూనే ఆయన్ని గమనిస్తూ ఉన్నాను. కళ్లద్దాలకి ఒక కాడ విరిగితే దారం కట్టి చెవికి తగిలించుకునేవారు. పెన్సిలు చేతికి అందనంత చిన్నదైతే వెదురు పుల్ల తొడిగేవారు. వీటిలో నాకు అనుమానం ఏమీ లేదు. నాకు తేడాగా తోచింది ఇంకొకటి. ఇన్ని నెలల్లో ఆయన నా ముందు ఒక్క అక్షరం రాయలేదు. గీతలు గీసేవారు, కొట్టేసేవారు, సున్నా చుట్టేవారు. మాట మార్చాలంటే నోటితో చెప్పి నాచేత రాయించేవారు. రాయడం నేర్పే మనిషి రాయడేమిటి? ఒకసారి అడిగాను. "నా దస్తూరి బాగోదు," అన్నారు. అది అబద్ధమని నాకు తెలుసు. ఆయన బతికున్నానని ఇచ్చే కాగితాన్ని నా మిషను అద్దం మీద పెట్టింది నేనే. ముత్యాల్లాంటి దస్తూరి. ‘దు’ రాస్తే కొమ్మును కిందికంటా లాగి కొక్కెంలా పక్కకి తిప్పేవారు.

వానలు పడ్డాక, ఇక చాలు, సమాచార హక్కు కింద అర్జీ పెట్టు అన్నారు. నా మూడు పేజీలు నాలుగు ప్రశ్నలయ్యాయి. గట్టు ఎక్కడ తెగింది, ఆ విచారణ ఫైలు నెంబరు, అందులో ఎవరెవరి వాంగ్మూలాలు తీసుకున్నారు, నివేదిక కాపీ. అంతే. నేను సంతకం పెట్టబోతుంటే ఆపారు.

"ఇంకొకటి రాయి. ‘నివేదిక డ్రాఫ్టు కాపీ కూడా ఇవ్వండి.’ డ్రాఫ్టు అని ఇడిగా అడుగు. నేకపోతే ఇవ్వరు."

"అసలుది ఇస్తే సాలదా తాతా? డ్రాఫ్టు ఎందుకు?"

"అసలుది మొకం కడుక్కుని ఒస్తాది. డ్రాఫ్టు లేసినట్టే ఉంటాది," అన్నారు. నేను ఆ వాక్యం రాసేదాకా కాగితం మీంచి పెన్సిలు తీయలేదు. అంతకుముందు ఎప్పుడూ ఆయన అలా పట్టుబట్టలేదు.

శ్రీకాకుళం వెళ్లే బస్సులో ఆ ఐదో ప్రశ్నని రెండుసార్లు కొట్టేద్దామనుకున్నాను. లేనిపోనిది అడిగించి అర్జీ మొత్తం తిప్పి పంపే ఎత్తేమో అనిపించింది. అయినా ఆ పట్టు గుర్తొచ్చింది. ఏదో ఉంది, ఉంటే రానీ అనుకుని అలాగే ఇచ్చేశాను.

నెల తిరగకుండానే రిజిస్టరు పోస్టులో కట్ట వచ్చింది. షాపులో జనం ఉన్నారు. మా ఆయన్ని మిషను దగ్గర నిలబెట్టి వెనక గదిలోకి వెళ్లి చదివాను. నివేదిక నాకు తెలిసినట్టే ఉంది. ఆఖరి రెండు కాగితాలు డ్రాఫ్టు. చేత్తో రాసింది. అందులో రెండు వాక్యాలు అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. ఒక్క గీతే గీశారు కాబట్టి కింద ఉన్నది చక్కగా కనబడుతోంది. "లస్కరు ముందురోజు ఉదయమే సైకిలుపై ఆఫీసుకు వచ్చి గట్టుకు బుంగ పడినదని చెప్పెను. తలుపులు దించవద్దని ఇంజినీరు గారు చెప్పిరి." దాని పైన, అదే చేత్తో, అదే సిరాతో: "గట్టుకు బుంగ పడినప్పటికీ తలుపులు సకాలంలో దించబడలేదు."

ఆ చివరి ‘దు’ కొమ్ము కిందికంటా దిగి, కొక్కెంలా పక్కకి తిరిగి ఉంది.

షాపు వదిలేసి తిన్నగా ఆయన ఇంటికి నడిచాను. ఎండగా ఉంది. అరుగు మీద పేపరు చదువుతున్నారు. పక్కనే ఉన్న పోస్టుకార్డు తీసి, ఆ కాగితం మీద పెట్టి, సందులో ఆ వాక్యం కనబడేలా జరిపి ఆయన ఒళ్లో పెట్టాను.

"ఇది ఎవురు రాసినారు తాతా?"

ఆయన కార్డు తీయలేదు. "నానే," అన్నారు.

"దించొద్దని ఎందుకన్నాడు ఇంజినీరు?"

"ఎగువన ఒక పెద్దాయన సెరువు ఇంకా నిండనేదు. రెండ్రోజులు ఆగమన్నాడు. మీ నాయిన గుమ్మంకాడ నిలబడి మూడుసార్లు సెప్పినాడు. నాను ఇన్నాను. ఇన్నది ఇన్నట్టే రాసినాను. ఇంజినీరు సూసి, ‘పేర్లు తీసెయ్, అబద్దం రాయమనడం నేదు కదా,’ అన్నాడు. నిజమే. ఆ వాక్యంలో అబద్దం ఒక్కటీ నేదు. తలుపులు దించనేదు. అంతా నిజమే."

లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చారు. గుండుసూదులు ఒక్కొక్కటే పీకి అరుగు మీద పెట్టారు. ఆ పాఠం మొదటి వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు: "చేసినవాడు కనిపించని వాక్యం రాసేముందు, అతన్ని ఎందుకు దాస్తున్నావో నిన్ను నువ్వు అడుగు."

"మీ నాయిన్ని తీసేసిన రెండేళ్లకి ఈ పుస్తకం ఇచ్చినారు. ఇది సదివి సూదులు గుచ్చీసినాను," అన్నారు.

"రెండేళ్లు ముందు ఇచ్చుంటే?"

"అయినా అలగే రాద్దును పాపా. రాయడం రాక కాదు. బయపడి రాసినాను."

"ఇన్నేళ్లు మా ఇంటి ముందునుంచే ఎల్లినావు. ఒక్కరోజు సెప్పలేకపోనావా?"

"నాను సెప్తే ముసలోడికి మతి తప్పిందంటారు. కాగితం సెప్పాల." గుండుసూదులు గుప్పెట్లోకి ఏరుకున్నారు. "నోరు కూడా రానేదు. అదీ నిజమే."

ఇక్కడ ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. ఆ ఇంజినీరు అంతకు ముందు ఏడాదే చనిపోయారని నాకు తర్వాత తెలిసింది. తాత నా షాపు మెట్టెక్కింది ఆ తర్వాతే. ఆయన పోయేదాకా ఆగారా? ఒకసారి సూటిగా అడిగాను. కళ్లద్దాల దారం సరిచేసుకుని వేరే సంగతి ఎత్తారు. నాకు ఈ రోజుకీ తెలియదు.

అప్పుడు మాత్రం నేను ఒక్కటే అన్నాను. "అయితే రాయి తాతా. ఒక్క పేజీ. నీ పేరుతో."

నాలుగు రోజులు పట్టింది. మొదటి రోజు రాసి ఇచ్చింది ఇది: "అప్పటి పరిస్థితుల ప్రభావము వలన వాస్తవములు సమగ్రముగా పొందుపరచబడలేదు." నేను ఎర్ర పెన్సిలు తీసుకున్నాను. "ఎవురు పొందుపరచనేదు?" అని అడిగాను. ఆయన తల వంచుకుని కాగితం వెనక్కి తీసుకున్నారు. రెండో రోజు ‘పై అధికారుల ఆదేశముల మేరకు’ అని వచ్చింది. "ఏ అధికారి? ఏటన్నాడు?" మూడో రోజు ఆయన భార్య, మేము మామ్మ అనే ఆవిడ, గుమ్మంలోకి వచ్చి, "ముసలాయన్ని సంపేస్తావేటే," అంది. "ఉండనీ. అది సరిగానే అడుగుతన్నాది," అన్నారు ఆయన. నాలుగో రోజు కాగితం మీద ఉన్న మాటలు ఇవి: "లస్కరు వచ్చి బుంగ సంగతి చెప్పాడు. ఇంజినీరు గారు తలుపులు దించవద్దన్నారు. నేను రెండూ విన్నాను. రెండూ రాశాను. తర్వాత నేనే రెండూ కొట్టేశాను. తప్పు లస్కరుది కాదు." దాన్లో నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

ఆ కాగితం, డ్రాఫ్టు కాపీ జతచేసి కలెక్టరాఫీసులో ఇచ్చి వచ్చాం. అమ్మకి అది చాలలేదు. "నన్ను తిట్టింది కలకటేరు కాదు. దిగువూరోలు. ఆలకి వినిపించాల," అంది. ఒక ఆదివారం ఉదయం తాత దిగువ ఊరి పంచాయతీ ఆఫీసు వరండాలో నిలబడి ఆ పేజీ చదివారు. పాతిక, ముప్పై మంది ఉన్నారు. గొంతు చిన్నదే గానీ ప్రతి మాటా వినబడింది. ఒక ముసలి రైతు, "మరి రెండేళ్లు మేము ఎత్తిన ఇసక?" అన్నాడు. తాత ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకున్నారు. ఒకామె ఆఫీసు లోపల్నించి కుర్చీ తెచ్చి మా అమ్మ పక్కన పెట్టి, "కూకో వదినా," అంది. అమ్మ కూర్చోలేదు. కుర్చీ మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

తాతకి ఎవరూ మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. రెండు కిలోమీటర్లు గట్టు మీదుగా నడిచి వచ్చారు. నేను పది అడుగుల వెనక నడిచాను. ఆయన తూలితే పట్టుకోవాలని నడిచానో, పక్కన నడవడం ఇష్టం లేక నడిచానో చెప్పలేను. ఆ తర్వాత ఏడు నెలలు నేను ఆయన గుమ్మం ఎక్కలేదు. వీధిలో కూడా ఆయనతో మాట్లాడేవాళ్లు తగ్గారు. కొడుకు విజయనగరం నుంచి వచ్చి, రిటైరయినవాడికి ఇదంతా ఎందుకని కేకలేసి వెళ్లాడని విన్నాను.

ఏడు నెలలకి ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఆఖరి వాక్యం: "సదరు లస్కరు బాధ్యుడు కాడని భావించబడినది." అమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుని విన్నది. "ఆయనుంటే బాగుణ్ణు," అంది. నేను ఆ కాగితం పట్టుకుని ఏడు నెలల తర్వాత ఆ అరుగు ఎక్కాను. తాత కళ్లద్దాల దారం చెవికి తగిలించుకుని చదివారు. జేబులోంచి పెన్సిలు తీసి ‘భావించబడినది’ కింద గీత గీశారు. "ఎవురు భావించినారో అడుగుదామా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆయన కూడా నవ్వారు. మేమిద్దరం కలిసి నవ్వింది అదొక్కసారే.

ఆ తర్వాత మూడేళ్లు ఆయన వారానికి రెండు రోజులు మా షాపులో ఒక మూల స్టూలు మీద కూర్చునేవారు. అర్జీ రాయించుకోవడానికి వచ్చినవాళ్లని నాకంటే ముందు ఆయనే ప్రశ్నలు అడిగేవారు. "నీళ్లు రావడం నేదా? ఎన్నాళ్లనుంచి? ఎవుడితో సెప్పినావు? ఆడేటన్నాడు?" కొందరు విసుక్కునేవారు. ఒకామె, "ఈయనకి నామీద అనుమానమేటి?" అని నన్నడిగింది. "నీ మీద కాదమ్మా, నీ కాగితం సదివేవోడి మీద," అన్నారు ఆయన. నేను రాసిన అర్జీలు ఇప్పుడు అంతగా తిరిగి రావడం లేదు. దానికి ఆయనకి రుణపడి ఉన్నాను. ఈ వాక్యం మీద నాకు అనుమానం లేదు.

ఆయన నాకు రాయడం నేర్పాలనుకున్నారా, తను చెప్పలేనిది నాచేత బయటికి లాగించాలనుకున్నారా అని చాలాసార్లు ఆలోచించాను. రెండోదే అయితే నేను నేర్చుకున్నది తక్కువైపోతుందా? ఒక్కోరోజు ఒక్కోలా అనిపిస్తుంది. ఒకసారి అమ్మని అడిగితే, "ఆడు రాసినాడు, ఆడే కొట్టినాడు, మళ్లీ ఆడే రాసినాడు. నాకెందుకు," అంది. ఆయనతో మాత్రం అమ్మ ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన గుమ్మం తొక్కలేదు.

ఆయన పోయిన మూడో నాడు, షాపుకి వెళ్లేముందు మామ్మని చూసి వద్దామని వెళ్లాను. వీధిలోకి ఎవరి గొంతూ వినబడలేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూస్తే, పెరటి గుమ్మం దగ్గర వెలుతురులో మామ్మా మా అమ్మా ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మధ్యలో ఒకే చేట. ఇద్దరూ తలలు వంచుకుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. మామ్మకి చూపు ఆనదు. అమ్మ తన వైపు బియ్యం బాగుచేసి, వేలి కొనతో కొంచెం కొంచెంగా ఆవిడ వైపుకి తోస్తోంది. మామ్మ వాటిని మళ్లీ తడిమి చూస్తోంది. నేను వచ్చిన సంగతి ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను.